పురుగు తిన్న తాటాకు నుంచి బ్యాడ్ సెక్టార్ దాకా

2026 సెప్టెంబరుకు హార్డ్ డిస్క్ పుట్టి 70 ఏళ్లు. 1956 సెప్టెంబరులో అమెరికాలోని ఐబీఎం సంస్థ రామాక్ 305 అనే కంప్యూటర్‌ను ప్రకటించింది. దాని నిల్వ పెట్టె పెద్ద బీరువా అంత ఉండేది, బరువు ఇంచుమించు టన్ను. లోపల 24 అంగుళాల వెడల్పున్న పళ్లేలు 50, నిమిషానికి 1,200 చుట్లు తిరిగేవి. అంత యంత్రంలో పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటోకు దాదాపు అంత చోటు కావాలి.

ఈ పుట్టినరోజున అందరూ డిస్క్ ఎంత చిన్నదైందో, ఎంత పట్టేలా ఎదిగిందో లెక్క చెబుతారు. నన్ను ఎన్నాళ్లుగానో పట్టుకున్నది వేరొక కథ. బొత్తిగా మచ్చలేని డిస్క్‌ను తయారు చేయడం దాదాపు అసాధ్యం. అయినా మన ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. తెరుచుకుంటాయన్న ఆ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే కథ అది.

డిస్క్ పళ్లెం మీద సన్నని అయస్కాంత పూత ఉంటుంది. దాన్ని ట్రాకులుగా, ట్రాకులను సెక్టార్లుగా విభజిస్తారు. చాలాకాలం ఒక సెక్టారుకు 512 బైట్లు. 2011 నుంచి వచ్చిన డిస్కుల్లో ఎక్కువగా 4,096. పూత ఎక్కడైనా లేచినా, ధూళి రేణువు పడినా, చదివే హెడ్ పళ్లేనికి రాసుకున్నా, రాస్తున్న క్షణంలో కరెంటు పోయినా ఆ సెక్టారు చదవడానికి రాకుండా పోతుంది. అదే బ్యాడ్ సెక్టార్.

ఛందస్సు చేసిన కాపలా

ఈ బాధ కంప్యూటర్‌తో మొదలైంది కాదు. తాటాకు మీద గంటంతో రాసిన కాలంలో పురుగు తొలిచిన కన్నమే బ్యాడ్ సెక్టారు. ఆకు విరిగి, చెదలు పట్టి పోయిన భాగానికి మన పండితులు పెట్టిన పేరు గ్రంథపాతం. అచ్చుపుస్తకాల్లో ఆ చోట చుక్కలు కనిపిస్తాయి. తాటాకు ఆయుష్షు పరిమితం కాబట్టి తరం తరం కూర్చుని తిరగరాయాల్సిందే. ఆ రాసిన చేతుల్లో చాలా వాటి పేర్లు మనకు మిగల్లేదు. 19వ శతాబ్దంలో సి.పి.బ్రౌన్ కడపలో పండితులను పెట్టి, ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూపించాడు. ఒక ప్రతిలో పోయిన అక్షరం ఇంకొక ప్రతిలో దొరికేది.

వేరే ప్రతి దొరకనప్పుడు ఆదుకున్నది ఛందస్సు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం మీద. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. మూడో పాదంలో రెండో అక్షరాన్ని పురుగు తినేసిందనుకోండి. అది ఏ హల్లో మిగిలిన మూడు పాదాలు చెబుతాయి. పదో అక్షరం పోతే అక్కడ ఏ అక్షరాలకు చోటుందో యతి చెబుతుంది. ఎక్కడ పోయినా అక్కడ ఉండాల్సింది గురువో లఘువో గణం చెబుతుంది. అర్థం చెప్పడానికి అక్కర్లేని ఈ అదనపు కట్టుబాట్లే నష్టం జరిగిన రోజున పద్యాన్ని నిలబెట్టాయి. రేపటి నష్టానికి ఇవాళే కొంత అదనంగా రాసిపెట్టుకోవడం అన్న ఈ సూత్రమే హార్డ్ డిస్క్‌ను కూడా కాపాడుతోంది.

రంగు, కాగితపు కప్పు

రామాక్ డిస్క్ తయారైంది కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఊళ్లో, 99 నోటర్‌డేమ్ అవెన్యూ అనే చిరునామాలో. బృందానికి పెద్ద రేనాల్డ్ జాన్సన్. ఒకప్పుడు హైస్కూలులో సైన్సు మేష్టారు. పళ్లెం మీద పూత సమంగా పరుచుకోవడమే వాళ్లకు ఎదురైన పెద్ద చిక్కు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగును మేజోళ్ల గుడ్డలో వడగట్టి, తిరుగుతున్న పళ్లెం నడిమధ్యన కాగితపు కప్పుతో పోశారు. రంగు తనంతట తాను అంచులదాకా పాకింది. ఎంత వడగట్టినా ఎక్కడో ఒక నలుసు మిగిలే తీరుతుంది. అందుకే ప్రతి అక్షరం వెంట ఒక పారిటీ బిట్ రాశారు. ఆ బిట్‌తో కలిపి ఒకట్ల సంఖ్య లెక్కకు తగ్గట్టు లేకపోతే తప్పు దొర్లినట్టు. తప్పు ఉందని అది చెప్పగలదు. ఎక్కడుందో చెప్పలేదు.

ఎక్కడుందో చెప్పే విద్య అప్పటికే పుట్టి ఉంది. దాన్ని పుట్టించినవి రెండు సోమవారాలు.

పాడైపోయిన రెండు వారాంతాలు

1947. రిచర్డ్ హామింగ్‌కు 32 ఏళ్లు. అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో లెక్కలు చేసి, అంతకు ముందు ఏడాదే బెల్ లేబొరేటరీస్‌లో చేరాడు. అక్కడి మోడల్ ఫైవ్ కంప్యూటర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేలతో కట్టినది. లెక్కలను చిల్లులు పొడిచిన కాగితపు టేపుల మీద అందించేవారు. పనిదినాల్లో ముఖ్యమైన పనులకే యంత్రం దొరికేది. హామింగ్ వంతుకు శని, ఆదివారాలు మిగిలాయి.

ఆ యంత్రానికి ఒక మంచి గుణం ఉంది. లోపల తప్పు జరిగితే పసిగట్టి ఆగిపోయేది. పనిదినాల్లో అలారం విని మనుషులు వచ్చి సరిచేసి మళ్లీ నడిపించేవారు. వారాంతంలో మనుషులు ఉండరు. అప్పుడు యంత్రం ఆ లెక్కను పక్కన పడేసి తర్వాతి దాన్ని అందుకునేది. ఒక సోమవారం పొద్దున హామింగ్ వచ్చి చూస్తే తన లెక్కల్లో ఒక్కటీ పూర్తికాలేదు. మరుసటి సోమవారమూ అంతే. ఆయన కోపం ఒక ప్రశ్నగా మారింది: తప్పు జరిగిందని తెలుసుకోగలిగిన యంత్రం, ఆ చోటు తెలుసుకుని తనే ఎందుకు దిద్దుకోకూడదు?

మొదట తట్టిన ఉపాయం మన పద్దుల పుస్తకంలో ఉన్నదే. అంకెలను వరసలుగా పేర్చి, అడ్డానికి ఒక మొత్తం, నిలువుకు ఒక మొత్తం వేస్తాం. ఒక అంకె తప్పితే ఒక అడ్డ మొత్తం, ఒక నిలువు మొత్తం కుదరవు. అవి రెండూ కలిసే గడిలోనే తప్పు. కానీ ఈ పద్ధతిలో అదనపు బిట్లు ఎక్కువ కావాలి. ఇంకా తక్కువలో చేయాలని కూర్చుని ఆయన పట్టిన లెక్క ఇది.

పెన్సిలు తీసుకోండి. నాలుగు బిట్ల సమాచారం దాచాలి: 1011. ఏడు గళ్లు గీసి 3, 5, 6, 7 గళ్లలో వీటిని వరుసగా రాయండి. 1, 2, 4 గళ్లు కాపలాదార్లవి. ఒకటో గడి 1, 3, 5, 7 గళ్లను కనిపెట్టి ఉంటుంది. రెండో గడి 2, 3, 6, 7ను. నాలుగో గడి 4, 5, 6, 7ను. ఏ కాపలాదారు గుంపులోనైనా ఒకట్ల సంఖ్య సరిసంఖ్య కావాలన్నది నియమం. ఆ ప్రకారం నింపితే ఏడు గళ్లలో 0110011 వస్తుంది.

ఇప్పుడు ఐదో గడి చెడింది. 0 ఉన్నచోట 1 కనిపిస్తోంది: 0110111. ఒకటో గుంపులో ఒకట్లు మూడు, లెక్క కుదరలేదు. రెండో గుంపులో నాలుగు, కుదిరింది. నాలుగో గుంపులో మూడు, కుదరలేదు. ఫిర్యాదు చేసినవి ఒకటో గడి, నాలుగో గడి. 1కి 4 కలిపితే 5. చెడింది ఐదో గడే. దాన్ని తిప్పి రాస్తే పని అయిపోయింది. ఏ గడి చెడినా, చివరికి కాపలా గడే చెడినా, ఫిర్యాదుల మొత్తం ఆ గడి నంబరే అవుతుంది. ఎన్నిసార్లు వేసి చూసినా ఈ లెక్క నన్ను కదిలిస్తుంది. మూడో పాదంలో పోయిన హల్లును మిగతా పాదాలు చెప్పినట్టే ఉంటుంది.

ఈ లెక్కను వివరించిన హామింగ్ వ్యాసం, పేటెంటు పని వల్ల అచ్చుకావడం ఆలస్యమై, 1950లో వెలువడింది. 1968లో హామింగ్‌కు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

అదే 1947లో ఈ లెక్కకు అవతలి ముఖాన్ని ఒక తెలుగువాడు కనిపెట్టాడని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్.రావు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా గణాంక సంస్థలో చేరినవాడు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ సంగతులు తెలుసుకోవడానికి ఆయన ఆర్తోగొనల్ అరేలు అనే పట్టికలను రూపొందించాడు. ఆ పట్టికలు, తప్పులు దిద్దే కోడ్లు ఒకే గణితానికి బొమ్మా బొరుసూ అని తర్వాత తేలింది. పట్టికలకు రావు కట్టిన హద్దు, కోడ్లకు హామింగ్ కట్టిన హద్దు ఒకదానికొకటి జోడీ. కలకత్తాలోనే పనిచేసిన ఆర్.సి.బోస్, తన శిష్యుడు రాయ్ చౌధురితో కలిసి అమెరికాలో కనిపెట్టిన బీసీహెచ్ కోడ్లు తర్వాత ఫ్లాష్ మెమరీల్లోకి చేరాయి. 2023లో 102 ఏళ్ల వయసులో రావు కన్నుమూశారు.

పట్టీ అంటించిన డిస్కులు

1970ల ఆరంభంలో ఐబీఎం 3330 డిస్క్ తప్పులు దిద్దే కోడ్‌ను లోపలే పెట్టుకుని వచ్చింది. పళ్లెం మీద చిన్న మచ్చ ఉంటే ఉండనీ అనగలిగే ధైర్యం అక్కడ వచ్చింది. 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు ప్రచురించిన కోడ్, వరసగా చెడిన బిట్ల గుంపులను కూడా దిద్దగలదు. అది సీడీల్లోకి, డిస్కుల్లోకి వచ్చింది.

1980లో సీగేట్ ఎస్‌టీ-506 ఐదు మెగాబైట్లతో డిస్క్‌ను బల్ల మీదికి తెచ్చింది. ఆ తరం డిస్కుల పైన ఒక కాగితం అంటించి ఉండేది. ఏ ట్రాకులో, ఏ హెడ్ దగ్గర లోపం ఉందో ఫ్యాక్టరీ వాళ్లే అందులో రాసేవారు. ఫార్మాట్ చేసేటప్పుడు మనం ఆ అంకెలను కొట్టి, ఆ చోట్ల ఏమీ రాయొద్దని చెప్పాలి. 1993లో డాస్‌తో వచ్చిన, డిస్క్‌ను తనిఖీ చేసే స్కాన్‌డిస్క్ తెర మీద చిన్నచిన్న గళ్లు నిండుతూ, చెడినచోట బి అక్షరం పడేది. ఆ బి కనిపించకూడదని మనసులో మొక్కుకుంటూ కూర్చున్న రాత్రులు నాకింకా గుర్తున్నాయి.

తర్వాత డిస్క్ తన జబ్బు దాచుకోవడం నేర్చింది. లోపల స్పేర్ సెక్టార్లు ఉంటాయి. ఒకటి చెడితే డిస్క్ చడీచప్పుడు లేకుండా స్పేర్‌కు మళ్లిస్తుంది. మళ్లించిన లెక్కను స్మార్ట్ అనే పట్టికలో రాసుకుంటుంది. అందులో 5వ వరస మళ్లించిన సెక్టార్లది, 197 అనుమానంలో ఉన్నవాటిది. ఈ రెండూ సున్నా దాటి పెరుగుతుంటే జాగ్రత్తపడాలి. లక్షకు పైగా డిస్కులను గమనించి గూగుల్ ఇంజినీర్లు 2007లో ఒక పరిశోధన ప్రకటించారు. స్కాన్‌లో మొదటి తప్పు కనిపించిన డిస్క్ 60 రోజుల్లోగా పాడయ్యే అవకాశం, తప్పులేని డిస్క్ కంటే 39 రెట్లు. అదే పరిశోధనలో, పాడైన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు సంకేతాల్లో ఒక్కటీ చూపించలేదు. అంటే సున్నాలు కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఫ్లాష్ చిప్పుల మీద దాచే ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లేలు లేవు. కానీ ఆ చిప్పులు కూడా కొన్ని చెడ్డ బ్లాకులతోనే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. పాత కాగితపు పట్టీ ఇప్పుడు చిప్పు లోపల ఉంది. పోయేటప్పుడు ఎస్ఎస్‌డీ టక్కుటక్కుమనకుండా, ముందు చెప్పకుండా పోవచ్చు.

మేనత్త పాటలు

కొన్నేళ్ల కిందట మా మేనత్త పాడిన మంగళహారతులు ఉన్న డిస్క్ నెమ్మదించింది. నేను రాత్రంతా, లోపాలు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ నడిపించాను. తెల్లారేసరికి అది పూర్తిగా ఆగిపోయింది. మరమ్మతు దుకాణంలో కుర్రవాడు ఒకే మాట అన్నాడు: "ముందు కాపీ తీయాల్సింది సార్." అత్త అప్పటికే లేదు. ఆ పాటలు తిరిగి రాలేదు.

అందుకే ఈ వరస గుర్తుంచుకోండి. డిస్క్ నెమ్మదిస్తే, ఫైలు తెరవడానికి మొరాయిస్తే, దాని మీద కొత్తగా ఏదీ రాయకండి. టక్కుటక్కుమని చప్పుడు వస్తే వెంటనే ఆపేసి తెలిసినవాళ్లకు అప్పగించండి. చప్పుడు లేకపోతే ముందు వేరే డిస్క్‌కు కాపీ తీయండి. లైనక్స్‌లో దొరికే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ముందు బాగున్న భాగాలన్నీ చదివేసి, చెడిన చోట్లకు చివర్లో వెళ్తుంది. చెక్‌డిస్క్ పూర్తి తనిఖీ పళ్లెం మొత్తాన్ని గాలిస్తుంది, రోగి చేత పరుగు పెట్టించినట్టు. అది కాపీ చేతికి వచ్చాకే. చెడిన డిస్క్ మళ్లీ నడిచినా దాన్ని నమ్మి ఒంటరి ప్రతి ఏదీ ఉంచకండి.

హామింగ్ లెక్క ఏడింటిలో ఒక గడిని దిద్దుతుంది. రెండు చెడితే ఆ లెక్క కూడా చేతులెత్తేస్తుంది. ఆ తర్వాత మిగిలే మందు ఇంకొక ప్రతి ఒక్కటే. మన చేతికి వచ్చిన ప్రతి తాటాకు కావ్యమూ, ఆకు పూర్తిగా చివికిపోకముందే ఎవరో కూర్చుని తిరగరాసినందువల్ల వచ్చింది.