చేర్చుట యను మాట

ప్రోగ్రాములు వ్రాయువారు దినమునకు పదిమార్లైనను ఫైళ్ల మార్పుల చరిత్రను భద్రపరచు గిట్ అను సాధనమునకు ‘గిట్ యాడ్’ అని టైపు చేయుచుందురు గాని, ఆ ఆజ్ఞలోని చేర్చుట యను మాటకు కాలక్రమమున అర్థమే మారిపోయినదను సంగతి వారిలో పలువురకు తట్టదు.

1972లో బెల్ ప్రయోగశాలలయందు మార్క్ రాచ్‌కైండ్ ఇట్టిదే యగు ఎస్‌సీసీఎస్ అను సాధనమును నిర్మించిన నాడు, ఒక్కొక్క ఫైలుకు ఒక్కొక్క చరిత్రయే గాని, అన్నిటిని ఒక కుటుంబముగా చూచు దృష్టి లేదు. ‘అడ్మిన్’ అను ఆజ్ఞకు ఫైలు నప్పగించినచో, దానికొక చరిత్రఫైలు పుట్టి, పిమ్మటి మార్పులన్నియు అందులోనే పొరలుపొరలుగా నిక్షిప్తము లగుచుండెను. పర్డ్యూ విశ్వవిద్యాలయమున వాల్టర్ టిఖీ రచించిన ఆర్‌సీఎస్‌లో ఆ పనికి ‘సీఐ’ అను రెండక్షరములే చాలెను.

1986లో ఆమ్‌స్టర్‌డామున డిక్ గ్రూన్ షెల్ స్క్రిప్టులుగా ఆరంభించిన సీవీఎస్, అటుపై బ్రయన్ బర్లినర్ చేతిలో సీ భాషకు మారి, లోకమంతట వ్యాపించెను. అందు ‘యాడ్’ అనగా కేవలము పేరు నమోదు. పెండ్లిపత్రికలో పేరచ్చు వేయించినంత మాత్రమున పెండ్లి జరిగినట్లు కానట్లే, మార్పును చరిత్రకెక్కించు ‘కమిట్’ అను ఆజ్ఞ యిచ్చువరకు ఫైలులోని విషయము భాండాగారము గడప దాటెడిది కాదు. డైరెక్టరీలకు మాత్రము ఈ నిరీక్షణ లేదు. అవి ఆజ్ఞ యిచ్చిన తక్షణమే చేరిపోయెడివి. 2004లో 1.0గా వెలువడిన సబ్‌వర్షన్, సీవీఎస్ లోపములను పెక్కింటిని దిద్దియు, ‘యాడ్’ను పేరు నమోదుగానే నిలిపెను.

2005 ఏప్రిల్‌లో, లినక్స్ కెర్నెల్ రచయితలకు బిట్‌కీపరు అను ఇట్టి మరియొక సాధనమును ఉచితముగా వాడుకొను వెసులుబాటు పోగా, లైనస్ టోర్వాల్డ్స్ కొలదిదినములలో గిట్‌ను వ్రాసెను. తొలిప్రతిలో ‘యాడ్’ అను ఆజ్ఞయే లేదు, ఉన్నది ‘అప్‌డేట్-క్యాష్’. అది ఫైలులో ఆ క్షణమున నున్న పాఠమును కుదించి, షా-1 గణనమువలన లభించు 40 అక్షరాంకముల పేరుతో భాండాగారమున దాచి, ఆ పేరును, రాబోవు కమిట్‌కు సిద్ధపరచు పట్టికయగు ఇండెక్సున లిఖించును. కమిట్ కాకమునుపే విషయము లోపల చేరియుండుట ఇందలి విప్లవము. కనుకనే, చేర్చిన పిదప ఫైలును దిద్ది, మరల చేర్చక కమిట్ చేసినవానికి పాతపాఠమే చరిత్రకెక్కి, సీవీఎస్ నాటి అలవాటుగలవారిని తెల్లబోవజేసెను. తరువాత వచ్చిన ‘గిట్ యాడ్’ సయితము మొదట క్రొత్తఫైళ్లకే పరిమితమైన చిన్న స్క్రిప్టు. మార్చిన ఫైళ్లకు వేరొక ఆజ్ఞ కావలసియుండెను. 2007 ఫిబ్రవరిలో వెలువడిన 1.5.0 ప్రతితో రెండు పనులును ఒక్క మాటక్రిందికి వచ్చినవి. ఇది సౌకర్యమే యైనను, ‘చేర్చుట’ యను పాతపేరు క్రొత్తపనికి అతికినట్లు లేదనియే నా యభిప్రాయము.

పేరును గాక విషయమును చేర్చుకొను ఈ యంత్రమునకు, విషయమే లేని ఖాళీ డైరెక్టరీ కనబడనే కనబడదు. అట్టిదానిని నిలుపదలచినవారు అందులో ‘డాట్ గిట్‌కీప్’ అను శూన్యమైన ఫైలు నొకదానిని పెట్టుట ఆచారమైనది. ఆ పేరునకు ప్రత్యేకార్థ మేదియు గిట్ ఎరుగదు.