ధూల్‌పేట్: బస్తీ ఆరోగ్యం, జీవనోపాధి, భాగస్వామ్యం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదు పాతబస్తీ ప్రాంతంలోని ధూల్‌పేట్ వినాయక విగ్రహాలకూ, పతంగులకూ ఎంత ప్రసిద్ధమో గుడుంబాకూ అంతగా పేరుపడింది. ఈ రెండో పేరు కారణంగా అక్కడి ఆరోగ్య సమస్య చాలాకాలం శాంతిభద్రతల సమస్యగానే పరిగణింపబడింది. నగరంలో ప్రజారోగ్య చర్యలు 1908 వరదల తరువాతి నిర్మాణ దశ నుండి, 1967 నాటి పట్టణ సముదాయాభివృద్ధి పథకం మీదుగా, నేటి బస్తీ దవాఖానాల వరకు సాగిన క్రమాన్ని ధూల్‌పేట్ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఉపాధిని విస్మరించిన ఆరోగ్య భాగస్వామ్యం నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ధూల్‌పేట్, బస్తీ, ప్రజారోగ్యం, గుడుంబా, లోధ్‌లు, మహిళా ఆరోగ్య సమితి, బస్తీ దవాఖానా.

1. ఉపోద్ఘాతం:
పురానాపూల్, జుమ్మెరాత్ బజార్, మంగళ్‌హాట్‌ల పరిసరాల్లో విస్తరించిన పేట ధూల్‌పేట్. హిందుస్తానీలో 'ధూల్' అంటే దుమ్ము. 'పేట' మనకు పరిచితమే. ఉత్తర భారతం నుండి సైన్యాల వెంట దక్కనుకు వచ్చారని చెప్పబడే లోధ్‌లు ఇక్కడి ప్రధాన నివాసులు. ఇంట్లో హిందీ మాండలికం, బజారులో దక్కనీ, బడిలోనూ కార్యాలయంలోనూ తెలుగు వినిపించే ఈ పేట నగర భాషావైవిధ్యానికి చక్కని ఉదాహరణ. కాని నగర చరిత్ర రచనలో దీనికి దక్కిన చోటు స్వల్పం. పత్రికల్లో కనిపించే ధూల్‌పేట్ ఎక్కువగా దాడుల వార్తల్లోని ధూల్‌పేట్. ఒక పేట ఆరోగ్యాన్ని దాని నేరాల చిట్టా ద్వారా మాత్రమే చదవడం ఎంతవరకు సమంజసమన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

2. వ్యాధి, వరద, నగర నిర్మాణం:
వ్యాధిని సమష్టిగా ఎదుర్కోవడం ఈ నగరానికి కొత్త కాదు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల పుట్టుకను 1813 నాటి మహమ్మారితో ముడిపెట్టి చెప్పే సంప్రదాయం అందరికీ తెలిసినదే. ఆ కథనంలోని చారిత్రకాంశం ఎంతైనా, మహమ్మారి జ్ఞాపకాన్ని జనం వాడవాడలా పంచుకునే క్రతువుగా నిలుపుకున్నారన్నది గమనార్హం.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగర చరిత్రను మలుపు తిప్పింది. వేలాదిమంది మరణించారు, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దెబ్బతిన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరద నియంత్రణ, మురుగునీటి పారుదల ప్రణాళికలు రూపొందాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇవి లక్షలాది ప్రజలకు రక్షణనూ, తాగునీటినీ ఇచ్చిన నిర్మాణాలనడంలో సందేహం లేదు. అయితే ఈ దశలో ఆరోగ్యం పైనుండి అందిన వరం. ఏ వాడను తొలగించాలో, ఏ వాడను మిగల్చాలో పాలకులూ ఇంజనీర్లూ నిర్ణయించారు. ఆ వాడలో నివసించేవాడు లబ్ధిదారుడే తప్ప భాగస్వామి కాడు.

3. భాగస్వామ్య దశ:
1967లో హైదరాబాదు నగరపాలక సంస్థలో ప్రారంభమైన పట్టణ సముదాయాభివృద్ధి పథకం ఈ దృక్పథాన్ని మార్చింది. ఇటువంటి ప్రయోగాలు దేశంలోని ఇతర నగరాల్లోనూ మొదలైనా, దీర్ఘకాలం నిలిచి పేరుపొందింది హైదరాబాదు ప్రయోగమే. బస్తీ సంఘాలు, మహిళా మండళ్లు, బాల్వాడీలు, కుట్టు శిక్షణ కేంద్రాలు దీనికి పునాదులు. 1970లలో యునిసెఫ్, 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయం తోడయ్యాయి. దీని అనుభవం తరువాతి జాతీయ పట్టణ కార్యక్రమాలకు మార్గం చూపింది.

ఈ పథకం పనితీరులోని ఒక అంశం ముఖ్యమైనది. ఇక్కడ ఆరోగ్యం ఒంటరిగా రాలేదు. టీకా, పిల్లల బడి, కుళాయి, కుట్టుమిషను ఒకే గడపకు కలిసి వచ్చాయి. సముదాయ కార్యకర్త ముందుగా బస్తీవారి అవసరమేమిటో అడిగి, వారి వంతు శ్రమనో రుసుమునో జోడించి పని చేపట్టడం పద్ధతి. తల్లి కుట్టు కేంద్రానికి వచ్చినచోటే పిల్లవాడి పోషణ గురించిన మాట వినే వీలుండేది.

4. గుడుంబా: వ్యాధియా, వృత్తియా?
ధూల్‌పేట్ జీవనం రుతువులతో ముడిపడినది. వినాయక చవితికి కొన్ని నెలల ముందు విగ్రహాలు, సంక్రాంతికి ముందు పతంగులు, శ్రావణంలో రాఖీలు. పండుగకూ పండుగకూ మధ్య చేతికి పని లేని కాలాలు ఉంటాయి. బెల్లం పానకాన్ని పులియబెట్టి దించే గుడుంబా కొన్ని కుటుంబాలకు ఆ ఖాళీని పూరించింది. విగ్రహాల పనిలోనూ ఆరోగ్యానికి ముప్పు లేకపోలేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ధూళి, రంగుల ఘాటు మధ్య పనిచేసేవారికి ఇల్లే కార్ఖానా అయినచోట పసిపిల్లలు కూడా అదే గాలి పీలుస్తారు.

ఇక్కడ 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట ఉద్యమంతో పోలిక అవసరం. అక్షరాస్యతా ఉద్యమం ద్వారా ఒకచోట చేరిన స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలింది. దూబగుంట స్త్రీ సారాను తన సంసారాన్ని దోచే బయటి శక్తిగా చూసింది. దుకాణం మూయిస్తే కూలి డబ్బులు ఇంటికి చేరతాయి. ధూల్‌పేట్‌లో సారా కాచే ఇంట్లో పరిస్థితి వేరు. అక్కడ పొయ్యి ఆర్పితే ఆ పూట ఆదాయం కూడా ఆరిపోతుంది. అదే సారా ఆ ఇంటి పురుషుని కాలేయాన్నీ తింటుంది. ఈ ద్వంద్వాన్ని గుర్తించకుండా 'దూబగుంట స్ఫూర్తి'ని ఇక్కడికి ఆపాదించడం సరికాదు.

తెలంగాణ ఏర్పడిన తరువాత 2015-16లో ఆబ్కారీ శాఖ గుడుంబాపై విస్తృతంగా దాడులు నిర్వహించింది. తయారీ మానుకున్న కుటుంబాలకు పునరావాస పథకాన్నీ ప్రభుత్వం ప్రకటించింది. శిక్షతోపాటు ప్రత్యామ్నాయం కూడా చూపడం గతంతో పోలిస్తే మేలైన మార్పు. అయితే 2024లో అదే శాఖ గంజాయిపై 'ఆపరేషన్ ధూల్‌పేట్' పేరిట మళ్లీ దాడులు చేపట్టవలసి వచ్చింది. ఒక మత్తు తగ్గినచోట మరొకటి తలెత్తడం వ్యక్తుల దోషంగా కొట్టివేయదగినది కాదు. కారణాలు అనేకం కావచ్చు. ఖాళీ నెలల సమస్య వాటిలో ప్రధానమైనదని ఈ పరిశీలకుని భావన. ఒక్కసారి అందే సహాయం పెట్టుబడి అవుతుంది గాని ఏడాది పొడవునా పనికి హామీ కాలేదు. ఆపరేషన్ పేరుగా పేట పేరునే ఎంచుకోవడం మరో విచారకరమైన అంశం. విగ్రహాలు చేసుకు బతికే కుటుంబపు బిడ్డ కూడా ఆ పేరునే చిరునామాగా రాసుకోవాలి.

5. సమితి, దవాఖానా:
2013లో ఆరంభమైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ఆశా కార్యకర్తతోపాటు, 50 నుండి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితిని ప్రతిపాదించింది. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. అయిదు నుండి పదివేల జనాభాకు ఒకటి చొప్పున, వైద్యుడు, నర్సు, సహాయకుడు ఉండి ఉచితంగా చికిత్సనూ మందులనూ అందించడం వీటి ఉద్దేశం.

ఈ పేరు భాషాపరంగా ఆసక్తికరం. 'దవా' అరబీ, 'ఖానా' ఫార్సీ. తెలంగాణ పల్లెల్లో సైతం 'దవాఖాన' తెలుగు మాటే. 'ప్రాథమిక ఆరోగ్య కేంద్రం' పాలనా పరిభాష అయితే, 'బస్తీ దవాఖానా' జనం నోటి మాట. పేరులో వచ్చిన ఈ దగ్గరితనం పనితీరులోనూ రావాలంటే మహిళా ఆరోగ్య సమితి కేవలం సమాచారం చేరవేసే వ్యవస్థగా మిగలకూడదు. దవాఖానాలో మత్తు విముక్తికి సలహా, విగ్రహ కార్మికులకు శ్వాసకోశ పరీక్ష వంటివి స్థానిక అవసరాలు. వాటిని గుర్తించి అడగగలిగేది బస్తీ స్త్రీలే.

6. ముగింపు:
- వరదల అనంతర నిర్మాణాలు నగరానికి ఆరోగ్య పునాది వేశాయి. కాని బస్తీకి నిర్ణయాధికారం ఇవ్వలేదు.
- 1967 నాటి పథకం ఆరోగ్యాన్నీ, చదువునూ, ఉపాధినీ ఒకే గడప దగ్గర కలిపింది. దాని బలం ఆ కలయికలోనే ఉంది.
- ధూల్‌పేట్‌లో నేడు మత్తు ఆబ్కారీ శాఖకు, జబ్బు ఆరోగ్య శాఖకు, మురుగు నగరపాలక సంస్థకు చెందుతున్నాయి. ఇంటికి మాత్రం ఈ మూడూ ఒకే కష్టం.
- విగ్రహాలు, పతంగుల నడుమ ఖాళీగా మిగిలే నెలలకు పని కల్పించడం కూడా ఇక్కడ ఆరోగ్య కార్యక్రమమే.

ధూల్‌పేట్ నగరానికి ఏటా దేవుడి రూపాన్ని చేసి ఇస్తున్నది. ఆ చేతుల ఆరోగ్యం గురించి నగరం వారితో కూర్చుని మాట్లాడటమే భాగస్వామ్యానికి తొలిమెట్టు.