పొగడపూల దండ

తెల్లవారుజామున గుడి ఆవరణలో చెట్టు కింద చిన్న చిన్న నక్షత్రాలు పరిచినట్టు పూలు రాలి ఉండడం మీరు చూసే ఉంటారు. అదే పొగడ. చాలామంది దాన్ని పొన్న అనేస్తారు. మా పక్కింటావిడ మొన్న పందెం కూడా కాసింది! పొన్నాకు దళసరి, అంచు సాఫీగా ఉంటుంది. తెల్లటి పువ్వు మధ్య పసుపు కేసరాల గుత్తి. పొగడాకు అంచు అలలు అలలుగా ఉంటుంది. రేకలన్నీ కలిసే రాలతాయి, నడుమ కన్నం ఉంటుంది గనక సూదితో పనిలేదు, దారం దూరిస్తే చాలు. ఎండినా వాసన పోదు. మా అమ్మమ్మ పట్టుచీరల మడతల్లో పెట్టేది.

సంస్కృతంలో దీన్ని వకుళమనీ, కేసరమనీ అంటారు. చిక్కల్లా ఆ రెండో పేరుతోనే. అమరకోశంలో నాగకేసరానికీ కేసరమనే పేరుంది. మరి కుమారసంభవంలో పార్వతి నడుమున జారిపోతూ, ఆవిడ మాటిమాటికీ సర్దుకునే కేసరమాల ఏ పూలది? మన మెతుకుసీమ కొలిచెలమ మల్లినాథసూరి అవి వకుళాలే అన్నాడు. నాగకేసరాలు పెద్ద పూలు, ఒడ్డాణానికి బరువు కదూ! నాకూ ఆయన మాటే సబబనిపిస్తుంది. ఆడవాళ్లు మద్యం పుక్కిలించి ఉమ్మితేనే వకుళం పూస్తుందని కాళిదాసు కాలంనాటి కవుల ముచ్చట. మనం నీళ్లు పోసినా పూస్తుంది లెండి.

శ్రీనివాసుణ్ణి పెంచిన తల్లి వకుళ. నమ్మాళ్వారు వకుళాభరణుడు. ఇంత చల్లని పేరు ఒక శిక్షకెలా వచ్చిందో గాని, శ్రీనాథుడిదని చెప్పుకునే చాటుపద్యంలో గుత్త సొమ్ము కట్టలేని కవి నడివీధి ఎండలో మోసింది పొగడదండనే.

1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రనామం మిమ్యుసాప్స్ ఎలెంగి. ఈ ఎలెంగి మలయాళీల ఇలంజి. డచ్చి అధికారి వాన్ రీడ్ 1678–1693 మధ్య ఆమ్‌స్టర్‌డాంలో అచ్చు వేయించిన 12 సంపుటాల మలబారు మొక్కల గ్రంథం ద్వారా అటు వెళ్లింది. సపోటా, ఇప్ప దీనికి చుట్టాలు.

బెరడు వగరు. కషాయం కాచి పుక్కిలిస్తే చిగుళ్లు గట్టిపడతాయని పాతకాలం నుంచీ వాడుక; పళ్లపొడిలోనూ కలుపుతారు. ఇక్కడే నాకు బాధ. మా ఊరి గుడిచెట్టును ఒకరిని చూసి ఒకరు చెక్కుకుపోయారు. మా ఇంటికీ ఓ సంచెడు వచ్చింది, దాచడమెందుకు. చుట్టూరా బెరడు ఒలిచేస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగదు. మూడేళ్లలో చెట్టు నిలువునా మోడైంది.

మీకు బెరడు కావలిస్తే కొట్టిన కొమ్మనుంచి తీసుకోండి, మాను జోలికి పోకండి. పండులోంచి తీసిన గింజను వెంటనే నాటండి. మోడు పక్కన మేం నాటిన మొక్క ఇప్పటికి నా భుజం దాకా వచ్చింది. ఇంకా పూత పట్టలేదు.