బంగారుపాళ్యంలో దొరతనం పోయిన దారి

పారిస్‌లో 1792 సెప్టెంబరు 21న ప్రజాప్రతినిధులు ఒక్క తీర్మానంతో రాజరికాన్ని రద్దు చేశారు. మా బంగారుపాళ్యంలో దొరతనం పోవడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది. అందుకే మన ఊళ్లో విప్లవం రానేలేదని చాలామంది అనుకుంటారు. వచ్చిందనే నేనంటాను. అది రెవెన్యూ కాగితాల మీద వచ్చింది.

మైసూరు మిట్ట నుంచి మొగిలి కనుమ మీదుగా ఆర్కాటు సీమకు దిగే దారి మాది. ఈ కొండదారుల్లో కావలి పాలెగాళ్లది. కట్టుబడి బంట్రోతులను పోషించుకుని, ఊళ్ల నుంచి కావలి రూకలు వసూలు చేసుకుని, నవాబుకు పేష్కషు (కప్పం) కట్టేవాళ్లు. 1801 జూలై 31న ఆర్కాటు నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. కొత్త దొరలకు పేష్కషు ఒక్కటీ చాలలేదు, ఆయుధాలూ కావలీ కూడా తమ చేతికే రావాలన్నారు. 1804లో చిత్తూరు పాలెగాళ్లు తిరగబడ్డారు, సైన్యం వచ్చి అణచివేసింది. కొన్ని పాలేలు అంతటితో పోయాయి. నరగంటి, కల్లూరు, పులిచెర్లలాగే మా బంగారి పాలెమూ నిలిచింది. కాకపోతే కత్తి పోయి, శిస్తు మిగిలింది.

ఆ శిస్తు బరువు మోసింది రైతు. 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం శాశ్వత శిస్తు ఒప్పందం (పర్మనెంట్ సెటిల్‌మెంట్) లేని పాలేలను కూడా విడిగా పేర్కొని తన కిందికి తెచ్చింది. దున్నుతున్న రైతుకు సాగుహక్కు స్థిరమైంది, దొర తన ఇష్టం వచ్చినట్టు వెళ్లగొట్టడానికి వీల్లేకపోయింది. మా ఊరి చరిత్రలో ఏదైనా ఒక్క ఏడాదిని గుర్తుపెట్టుకోమంటే ఈ 1908నే చెబుతాను. 1947 కంటే ముందే రైతు తలెత్తిన ఏడాది అది.

ఆ తర్వాత వేగం పెరిగింది. జమీందారీ ఎస్టేట్ల మీద వేసిన ప్రకాశం పంతులు కమిటీ 1938లో నివేదిక ఇచ్చింది. 1947లో శిస్తులు తగ్గించే చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాయి. దాంతో చెరువులు, అడవులు, పోరంబోకులు సర్కారువయ్యాయి, రైతుకు రైతువారీ పట్టా దక్కింది.

అదే రోజుల్లో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో సంఘాలు దొరలను తరిమి, భూములు పంచి, తామే గ్రామపాలన నడిపాయి. మా పక్క ఆ తెగింపు లేదు. ఇక్కడ జమీందార్లకు పరిహారం ముట్టింది, సొంత కమతాలకు పట్టాలూ మిగిలాయి. ఫ్రాన్సులోనూ 1789 ఆగస్టులో ప్రభువుల హక్కులు రద్దు చేసినవాళ్లు చాలా బాకీలకు పరిహారం కట్టమన్నారు, అదీ లేకుండా కొట్టివేయడానికి 1793 జూలై దాకా ఆగాల్సి వచ్చింది. మనకు ఆ రెండో మెట్టు రాలేదు. పట్టా దున్నే రైతు పేరనే వచ్చింది. అతని పొలంలో కూలికి వంగిన మాల మాదిగలకు ఆ చట్టం ఒక్క కుంట ఇవ్వలేదు. ఈ లోటు చెప్పకుండా రద్దును పొగడడం నాకు చేతకాదు.

దొరల పేర్లు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉన్నాయి. శిస్తు కట్టినవాళ్ల పేర్లు మాత్రం ఇళ్లల్లో ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. ఎస్టేటు నాటి రసీదులు, పాత పట్టాలు ఎవరి దగ్గరున్నా చెదలకు వదిలేయకండి. వాటికి నకళ్లు తీసి మన ఊరి గ్రంథాలయంలో దాచుకుందాం.