ఇద్దరు మధ్యవర్తులు - ఇద్దరి సమ్మతి



దంపతుల మధ్య విభేదం ముదిరితే భర్త కుటుంబం నుండి ఒకరిని, భార్య కుటుంబం నుండి ఒకరిని మధ్యవర్తులుగా నియమించాలని దివ్య ఖుర్ఆన్ ‘అన్ నిసా’ సూరా 35వ ఆయతు ఆదేశిస్తోంది. ఈ ఆదేశాన్ని తొలితరం విశ్వాసులు ఎలా ఆచరించారో నేడు పరిశీలిద్దాం.

హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో హజ్రత్ అఖీల్ బిన్ అబీ తాలిబ్ (రజి)కీ, ఆయన భార్య ఫాతిమా బిన్తె ఉత్బా (రజి)కీ మాటా మాటా పెరిగింది. ఆమె తండ్రి ఉత్బా బద్ర్ యుద్ధంలో ముస్లిముల చేతిలో హతుడైనవాడు. ఆయన ప్రస్తావనే ఆ ఇంట కలత రేపింది. ఆమె ఖలీఫాకు మొరపెట్టుకున్నారు. ఖలీఫా తాను తీర్పు చెప్పలేదు. అఖీల్ పినతండ్రి కుమారుడైన ఇబ్నె అబ్బాస్ (రజి)ను, ఫాతిమా అక్కచెల్లెళ్ల బిడ్డ అయిన ముఆవియా (రజి)ను పంపారు. విడదీయాలని ఒకరు, విడదీయరాదని మరొకరు తలచారు. తీరా వెళ్లేసరికి దంపతులు తలుపులు మూసుకుని రాజీపడి ఉన్నారు!

హజ్రత్ అలీ (రజి) వద్దకు ఒక జంట వచ్చింది. ఇరువురి వెంటా జనసమూహం ఉంది. ఆయన చెరొక మధ్యవర్తిని ఎన్నుకోమన్నారు. కలపడం మేలైతే కలపాలని, విడదీయడం మేలైతే విడదీయాలని మధ్యవర్తులకు బోధించారు. దైవగ్రంథం ప్రకారం తనకు అనుకూలమైనా, ప్రతికూలమైనా సమ్మతమేనని స్త్రీ చెప్పింది. విడిపోవడానికి మాత్రం ఒప్పుకోనన్నాడు పురుషుడు. ఆమెవలె అతడూ అంగీకరించేవరకు కదలనివ్వనని అలీ (రజి) గట్టిగా మందలించారు. ఈ ఉదంతం ఆధారంగానే ఫుఖహా చర్చించారు. భర్త అధికారమిస్తేనే మధ్యవర్తులు విడదీయగలరని హనఫీలు, అది లేకున్నా విడదీయగలరని మాలికీలు అభిప్రాయపడ్డారు.

సయోధ్యకు హద్దు ఎక్కడో దైవప్రవక్త (స) స్వయంగా చూపారు. బానిసత్వం నుండి విముక్తి పొందిన బరీరా (రజి) తన భర్త ముగీస్ (రజి)ను వీడింది. ఆయన మదీనా వీధులలో ఆమె వెంట కన్నీరు కారుస్తూ తిరిగేవాడు. ప్రవక్త (స) జాలిపడి ఆమెకు నచ్చజెప్పారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. ఆమె అంగీకరించలేదు, ఆయన బలవంతపెట్టలేదు.

మన దేశంలోనూ ఈ హద్దు ఉంది. 1880 నాటి ఖాజీల చట్టం ఖాజీకి న్యాయాధికారం ఇవ్వలేదు. దారుల్ ఖజా నిర్ణయాలకు చట్టబద్ధత లేదని, ఇష్టపూర్వకంగా ఆశ్రయించేవారు ఆశ్రయించవచ్చని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది. 1939 నాటి చట్టం ప్రకారం ముస్లిం స్త్రీ విడాకుల కోసం న్యాయస్థానానికి వెళ్లవచ్చు.

మా వద్దకు వచ్చే తగాదాలలో మేము తరచూ చూసే లోపం ఒక్కటే. భర్త తరపున పది మంది పెద్దలు మాట్లాడతారు, అమ్మాయి మాత్రం తల వంచుకుని నిలబడి ఉంటుంది. పరువు కోసం సర్దుకుపొమ్మని ఆమెకు చెప్పి పంపేస్తారు. దీనికి సుల్‌హ్ అని పేరు పెట్టడం తగదు. ఆమె పక్షాన ఆమె ఎంచుకున్న మనిషి కూర్చోవాలి. ఆమె మాట చివరి వరకు వినాలి. మహర్, పిల్లల పోషణ, రాకపోకలు కాగితం మీద రాసుకోవాలి. కొట్టడం, ప్రాణభయం ఉన్నచోట చట్టాన్ని ఆశ్రయించకుండా ఆమెను ఆపడం జుల్మ్.

మస్జిద్ పెద్దలారా! ఇంటి గుట్టు దాచగలిగినవారిని, ఇరుపక్షాలకూ భయపడనివారిని ఈ పనికి ఎంచుకోండి. కలిపితే ప్రేమతో కలపండి, విడదీయక తప్పకుంటే మర్యాదతో విడదీయండి.

అల్లాహ్ మన ఇళ్లలో న్యాయాన్ని, శాంతిని నెలకొల్పుగాక! ఆమీన్.