ఎస్ఎస్ఎల్‌డంప్

ఎస్ఎస్ఎల్‌డంప్ అనునది ఎస్ఎస్ఎల్, టీఎల్ఎస్ ప్రోటోకాళ్ళ ద్వారా నెట్‌వర్కుపై జరిగే గుప్త సంభాషణలను పరిశీలించుటకు వాడే ఒక కమాండ్ లైన్ ఉపకరణము. దీనిని ఎరిక్ రెస్కోర్లా రచించాడు. నెట్‌వర్కుపై ప్రయాణించే ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ వలెనే ఇది కూడా లిబ్‌పీక్యాప్ అనే లైబ్రరీపై ఆధారపడి పనిచేస్తుంది. టీసీపీడంప్ ప్యాకెట్లను విడివిడిగా చూపగా, ఎస్ఎస్ఎల్‌డంప్ వాటిని సరైన వరుసలో కూర్చి, అందులోని గుప్త రికార్డులను గుర్తించి చూపుతుంది. దీని సోర్సు కోడు అందరికీ ఉచితంగా లభిస్తుంది.

నేపథ్యము

నెట్‌స్కేప్ సంస్థ 1995లో ఎస్ఎస్ఎల్ 2ను, 1996లో ఎస్ఎస్ఎల్ 3ను వెలువరించినది. వీటి ఆధారంగా 1999 జనవరిలో టీఎల్ఎస్ 1.0 ప్రమాణంగా ప్రకటించబడినది. గుప్త సంభాషణ వచ్చిన తరువాత వెబ్ సర్వర్ల నిర్వాహకులకు ఒక చిక్కు ఎదురైనది. అంతకు మునుపు ఏదైనా లోపం తలెత్తితే ప్యాకెట్లను చదివి కారణం కనుగొనేవారు. ఇప్పుడు ప్యాకెట్లలో అర్థం కాని అంకెలు తప్ప ఏమీ కనిపించవు. ఈ లోటును తీర్చుటకు పుట్టిన ఉపకరణాలలో ఎస్ఎస్ఎల్‌డంప్ ముఖ్యమైనది.

పనితీరు

గుప్త సంభాషణలో మొత్తం గుప్తంగా ఉంటుందనే అభిప్రాయం సరికాదు. టీఎల్ఎస్ 1.2 వరకు ఇరుపక్షాల మధ్య జరిగే తొలి పరిచయం, అనగా హ్యాండ్‌షేక్, చాలా వరకు బహిరంగంగానే సాగుతుంది. క్లయింటు ప్రతిపాదించిన పద్ధతులు, సర్వరు ఎంచుకున్న పద్ధతి, సర్వరు పంపిన ధ్రువపత్రం ఏ తాళంచెవీ లేకుండానే చదవవచ్చు. ప్రతి రికార్డు మొదట దాని రకాన్ని తెలిపే సంఖ్య ఉంటుంది: హెచ్చరికకు 21, హ్యాండ్‌షేక్‌కు 22, అసలు సమాచారానికి 23.

ఎస్ఎస్ఎల్‌డంప్ ఒక్కొక్క రికార్డుకు ఒక్కొక్క వరుసను ముద్రిస్తుంది. ఉదాహరణకు "1 2 0.0456 (0.0411) ఎస్>సి హ్యాండ్‌షేక్" అని కనిపిస్తే, అది మొదటి కనెక్షనులోని రెండవ రికార్డు అని, కనెక్షను మొదలై 0.0456 సెకన్లు, ముందరి రికార్డు తరువాత 0.0411 సెకన్లు గడిచినవని, సర్వరు నుండి క్లయింటుకు వెళ్ళినదని అర్థము. నిజానికి నిర్వాహకులకు ఎక్కువగా ఉపయోగపడేది ఈ భాగమే. సంభాషణ మధ్యలో తెగిపోయినప్పుడు హెచ్చరికను పంపినది ఏ పక్షమో తెలిస్తే సగం పని పూర్తయినట్లే. ధ్రువపత్రంపై సంతకం చేసిన సంస్థను క్లయింటు ఎరుగదా, లేక ఇరువురికీ ఉమ్మడి పద్ధతి దొరకలేదా అనేది విడమరచకుండానే తేలుతుంది.

ముందే పట్టి ఉంచిన ప్యాకెట్ల ఫైలును చదువుటకు "-ఆర్" ఐచ్ఛికాన్ని వాడతారు. పాత టీసీపీడంప్ కూర్పులు ప్యాకెట్టులోని మొదటి 68 బైట్లను మాత్రమే దాచేవి. అట్టి ఫైలు ఎస్ఎస్ఎల్‌డంప్‌కు పనికిరాదు. పూర్తి ప్యాకెట్లను దాచుటకు అందులో "-ఎస్ 0" అని ఇవ్వవలసి వచ్చేది.

విడమరచుట

"-కె" ఐచ్ఛికంతో సర్వరు రహస్య తాళంచెవి ఉన్న ఫైలును, దానితో పాటు "-డి"ని ఇచ్చినచో లోపలి సమాచారం కూడా కనిపిస్తుంది. ఇది ఆర్ఎస్ఏ తాళంచెవి మార్పిడి పద్ధతిలో మాత్రమే సాధ్యము. ఆ పద్ధతిలో క్లయింటు 48 బైట్ల రహస్యాన్ని తయారుచేసి, సర్వరు బహిరంగ తాళంచెవితో గుప్తపరచి పంపుతుంది. రహస్య తాళంచెవి గలవారు ఎవరైనా దానిని తిరిగి పొందగలరు. మిగిలిన తాళంచెవులన్నీ ఆ రహస్యం నుండి, బహిరంగంగా పంపిన యాదృచ్ఛిక సంఖ్యల నుండి పుట్టేవే. హ్యాండ్‌షేక్ మొదలు పట్టబడకపోయినా, పాత సెషనును తిరిగి కొనసాగించినప్పుడు దాని తొలి హ్యాండ్‌షేక్ దొరకకపోయినా విడమరచుట సాధ్యపడదు.

ఈ సౌలభ్యమే ఆ పద్ధతికి గల బలహీనత. నేడు దాచిన ప్యాకెట్లను, ఎన్నేళ్ళ తరువాతనైనా తాళంచెవి చేజిక్కినవారు చదువగలరు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం వలన ఓపెన్ఎస్ఎస్ఎల్ వాడే సర్వర్ల నుండి రహస్య తాళంచెవులను దొంగిలించవచ్చని రుజువైనప్పుడు ఈ ప్రమాదం అందరికీ తెలిసివచ్చినది. డిఫీ-హెల్మన్ పద్ధతిలో ప్రతి సెషనుకు తాత్కాలిక తాళంచెవులు పుట్టి నశిస్తాయి కనుక సర్వరు తాళంచెవి ఒక్కటే ఉన్నంత మాత్రాన ఎస్ఎస్ఎల్‌డంప్ ఏమీ చేయలేదు.

టీఎల్ఎస్ 1.3 తరువాత

2018 ఆగస్టులో వెలువడిన టీఎల్ఎస్ 1.3 ప్రమాణం ఆర్ఎస్ఏ తాళంచెవి మార్పిడిని పూర్తిగా తొలగించినది. ధ్రువపత్రాన్ని సైతం గుప్తపరచినది. ఆ ప్రమాణ పత్రానికి సంపాదకుడు కూడా ఎరిక్ రెస్కోర్లాయే కావడం విశేషము. తమ అంతర్గత నెట్‌వర్కులలో లోపాలు వెదకుటకు, మోసాలు పట్టుటకు ఈ తొలగింపు అడ్డు అవుతుందని అమెరికా ఆర్థిక సంస్థల ప్రతినిధులు 2016లో అభ్యంతరం తెలిపినా, ప్రమాణాన్ని రూపొందించే బృందం అంగీకరించలేదు. నిర్వాహకునికి తెరచి ఉంచిన తలుపు దొంగకూ తెరచే ఉంటుందన్నది ఆ బృందంలో అధికుల వాదన.

దీనికి బదులుగా సంభాషణలో పాల్గొనే ప్రోగ్రామే తన తాత్కాలిక రహస్యాలను ఒక ఫైలులో రాసి ఇచ్చే పద్ధతి వాడుకలోకి వచ్చినది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలో "ఎస్ఎస్ఎల్‌కీలాగ్‌ఫైల్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఫైలు పేరు ఇస్తే చాలు. ఈ ఫైలును వైర్‌షార్క్, దాని కమాండ్ లైన్ రూపమైన టీషార్క్ చదువగలవు. ఎస్ఎస్ఎల్‌డంప్ కొత్త కూర్పులలో ఇందుకు "-ఎల్" ఐచ్ఛికం చేర్చబడినది. ఆ ఫైలు, పట్టిన ప్యాకెట్లు రెండూ ఒకరి చేతికి చిక్కితే ఆ సెషనులలోని సంకేతపదాలతో సహా అన్నీ బయటపడతాయి కనుక, పరిశీలన ముగిసిన వెంటనే దానిని చెరిపివేసి, ఆ వేరియబుల్‌ను తొలగించడం తప్పనిసరి.