యోగో ఉపాధ్యాయులు (జపాన్)

జపాన్ పాఠశాలల్లో విద్యార్థుల శారీరక, మానసిక ఆరోగ్యాన్ని కనిపెట్టి చూసే సిబ్బందిని యోగో ఉపాధ్యాయులు అంటారు. ఇతర దేశాల్లో పాఠశాల నర్సులు చేసే పని చాలావరకు వీరిదే అయినా, వీరికి నర్సు అర్హత తప్పనిసరి కాదు. ప్రత్యేక ఉపాధ్యాయ అర్హత పొంది, తక్కిన ఉపాధ్యాయులతో పాటు రోజంతా బడిలోనే ఉంటారు.

రెప్పల లోపలి పొరను గరుకుబార్చి, ముదిరితే చూపునే పోగొట్టే ట్రకోమా అనే అంటువ్యాధి 20వ శతాబ్దపు తొలినాళ్లలో బడిపిల్లల్లో ప్రబలినప్పుడు, 1905లో గిఫు ప్రాంతంలోని పాఠశాలలు వారి కళ్లు కడిగి మందు వేయడానికి నర్సులను పెట్టుకోవడంతో ఈ వృత్తి మొదలైంది. 1941లో వీరిని బోధనా సిబ్బందిలో చేర్చగా, 1947 నాటి పాఠశాల విద్యా చట్టం నేటి హోదాను కల్పించింది.

యుద్ధానంతర దశాబ్దాల్లో అంటువ్యాధులు తగ్గుముఖం పట్టాక, ఏ జబ్బూ బయటపడని కడుపునొప్పితో, తలనొప్పితో వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు. మార్కులు వేయని, పాఠం అప్పజెప్పమని అడగని చోటు బడి మొత్తంలో యోగో ఉపాధ్యాయులుండే ఆరోగ్య గది ఒక్కటే కావడం వల్ల, మనసులోని బాధను చెప్పుకోలేని పిల్లలకు ఒంటి నొప్పి అక్కడికి రావడానికి దారి చూపింది. బడికి వచ్చినా తరగతిలో అడుగుపెట్టలేక, రోజులో ఎక్కువ భాగం ఆ గదిలోనే గడిపే అలవాటుకు హోకెన్‌షిత్సు తోకో, అంటే ఆరోగ్య గదికి మాత్రమే హాజరు కావడం, అనే పేరు స్థిరపడింది. ఏ ఆదేశమూ రాకముందే, పిల్లల రాక వల్లనే ఈ వృత్తి స్వరూపం మారిందన్నది దీని చరిత్రలో ప్రధానంగా గుర్తించవలసిన విషయం.

ఈ మార్పుకు ప్రభుత్వ గుర్తింపు ఆ తరువాతే వచ్చింది. 1995లో విద్యా మంత్రిత్వ శాఖ పాఠశాలలకు మానసిక సలహాదారులను పంపడం ప్రారంభించింది. అయితే వారిలో ఎక్కువమంది నియమిత దినాల్లోనే వచ్చేవారు కనుక, ఏ పూట బాధ కలిగినా ముందుగా కనిపించేది యోగో ఉపాధ్యాయులే. శారీరక లక్షణాల వెనుక బెదిరింపులు, ఇంటి కలతలు వంటి కారణాలున్నాయేమో గమనించి సలహా ఇచ్చే బాధ్యతను 1997లో ప్రభుత్వ సలహా మండలి నివేదిక స్పష్టంగా వీరికి అప్పగించింది. 2009 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన పాఠశాల ఆరోగ్య భద్రతా చట్టం, వీరు ఇతర ఉపాధ్యాయులతో కలిసి పిల్లల మానసిక, శారీరక స్థితిని నిత్యం పరిశీలించి, అవసరమైతే తల్లిదండ్రులకూ సూచనలివ్వాలని నిర్దేశించింది.

బాధ్యతలు పెరిగినంతగా సిబ్బంది పెరగకపోవడం తీవ్రమైన లోపం. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ప్రాథమిక పాఠశాలకు రెండో యోగో ఉపాధ్యాయులు దక్కాలంటే కనీసం 851 మంది విద్యార్థులుండాలి; అంతకు తక్కువైన బడిలో గాయపడిన పిల్లవాడికి కట్టు కట్టడం, కన్నీళ్లతో వచ్చిన మరొకరి మాట వినడం సాధారణంగా ఒక్కరి పనే.